దేవ్లా విత్తనపు బుర్ర

గడ్డపార మూడోసారి రాయికి తగిలి ఖంగుమనేసరికి దేవ్లా ఆగి, నడుముకున్న తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాడు. కడుపు కాలినప్పుడు ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. గుంతకూ గుంతకూ నడుమ ఒక బార ఎడం ఉండాలి. ఈ చెలకలో రాయెక్కడుందో, వాన నీరెక్కడ నిలుస్తుందో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలడు. రెండేళ్ల కిందట అటవీ అధికారులు హద్దురాళ్లు పాతి టేకుతోట అనేదాకా ఇది ఆయన జొన్నచేనే. ఇప్పుడు అదే నేలను కూలికి తవ్వి టేకుమొక్కలకు అప్పగిస్తున్నాడు. పిచ్చి మనిషి, ఎవరూ వంక పెట్టలేనంత చక్కగా తవ్వుతాడు.

మధ్యాహ్నం సంఘం సీతయ్య సైకిలు మీద వచ్చాడు. భద్రాచలంలో రాయించిన కాగితం సంచిలోంచి తీశాడు.

"తిండి పండించుకునే హక్కు, కొనుక్కునే హక్కు రాజ్యాంగంలనే రాయాలని ఢిల్లీకి పంపుతున్నం తాతా. వేలిముద్ర ఎయ్యి."

"రాస్తే ఈ వానకు విత్తుకోనిస్తరా?"

సీతయ్య అబద్ధమాడే మనిషి కాదు. "ఈ వానకు కాదు" అన్నాడు తలవంచుకుని.

అయినా దేవ్లా బొటనవేలు చాపాడు.

సాయంత్రం చౌకడిపోలో బియ్యం బస్తాలు కళ్లెదుటే ఉన్నాయి. ఆయన చేతిలో కూలి డబ్బులూ ఉన్నాయి.

"కార్డేది?" అన్నాడు డీలరు. "మీ తండాల ఇండ్లకు నంబర్లే లెవ్వు. నంబరు లేంది కార్డెట్ల వస్తది?"

బయటి కొట్టులో దొరికిన నూకలు తువ్వాలు కొంగున మూటగట్టుకుని ఇల్లు చేరాడు.

ఇంట్లో కోడలు మంగ్లి, మనవరాలు పూలి ఎదురుచూస్తున్నారు. దూలానికి ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతోంది. అందులో బూడిద కలిపి దాచిన జొన్న విత్తనం ఉంది. మూతికి పేడ మెత్తి, పచ్చిగా ఉండగానే దేవ్లా బొటనవేలితో నొక్కిపెట్టాడు. ఆ ముద్ర వేసిన చెయ్యే మృగశిర కార్తెలో దాన్ని పగలగొట్టాలి. ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటు అది. నిరుడు పగలగొట్టే పని పడలేదు. ఈ ఏడు కూడా విత్తకపోతే ఆ గింజ ఇక మొలవదు.

"మామా, పిల్లకు మూడు దినాల సంది గంజే. బుర్ర దించు, దంచుత."

"అది విత్తనం బిడ్డా."

"ఏడ విత్తుతవ్? నేలేది మామా?"

దేవ్లా లేచి దూలం కిందికి వెళ్లాడు. మూతి మీది ముద్రను బొటనవేలితో తడిమాడు.

"తెల్లారనీ. నేనే పగలగొడ్త."

నూకల జావ వాళ్లిద్దరికీ వదిలేసి, తనకు ఆకలి లేదన్నాడు. పూలి కూడా ఆ మాట నమ్మలేదు.

తెల్లవారింది. దేవ్లా లేవలేదు. తువ్వాలు నడుముకు బిగించినట్టే ఉంది.

దహనం చేసి అందరూ వెళ్లిపోయాక పూలి మళ్లీ ఆకలన్నది. మంగ్లి రోకలి తీసుకుని బుర్ర కిందికి వచ్చింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ ముద్ర వేసిన చెయ్యి ఇక లేదు. రోకలి గోడకు చేర్చి, పిల్లను చంకనెత్తుకుని కూలిపని అడగడానికి టేకుతోట వైపు నడిచింది.

దూలానికి బుర్ర అలాగే వేలాడుతోంది, మూతి మీద ఎండిన పేడలో దేవ్లా బొటనవేలి గీతలతో.