గేటు దగ్గర చదివిన రక్తం

బస్సు డిపో మేనేజరు ఈ ఏడు బెల్టుకి రెండోసారి బెజ్జం పొడిపించాడట, అదీ లోపలివైపు కాదు, చివరంచున. చెప్పులు కుట్టే అతను చెప్పాడని పక్కింటి పిన్ని వచ్చి చెప్పింది. పిన్ని మాటల్లో సగం గాలికి పోయినా సగం నిలుస్తుంది. సూదులమ్మ గిన్నెలు తోముతూ వింది. ఆ సగం చాలు ఆమెకి.

సూదులమ్మంటే డిపో ల్యాబులో రక్తం తీసే ఆవిడ. డ్రైవర్లు పెట్టిన పేరది. మొగుడూ అక్కడే డ్రైవరు, మూడేళ్ళ కిందటిదాకా. ఏటా జరిగే పరీక్ష నాడు అతనికి పన్ను పుచ్చి దవడ వాచిపోయి ఉంది. ఒంట్లో చీము పడితే రక్తంలో తెల్లకణాలు దండెత్తినట్టు పెరుగుతాయి. పదకొండు వేలు గీత అయితే పదమూడు వేలు తేలాయి. పన్ను పీకించి పదిరోజులాగి మళ్ళీ చూద్దామండీ, పద్ధతి అదే, అని ఆమె బతిమాలింది. గీత దాటితే దాటినట్టే, మళ్ళీ చూసేదేం లేదన్నాడు మేనేజరు. రిపోర్టులు పొద్దున్నే గేటు దగ్గర అందరి ముందూ చదివించడం కూడా ఆయన పెట్టిన ఆచారమే. దాపరికం ఉన్నచోట క్రమశిక్షణ ఉండదట. మొగుడి కాగితం ఆమె చేతే చదివించాడు. స్టీరింగు పట్టిన చెయ్యి మర్నాటి నుంచి బస్సులు కడిగే పైపు పట్టింది. పన్ను పోయింది, వాపు పోయింది, కణాలు ఏడువేలకి దిగొచ్చాయి. స్టీరింగు మాత్రం తిరిగి రాలేదు.

సూదులమ్మ ఏడవలేదు. ఏడిస్తే కడుపుమంట చల్లారిపోతుందేమోనని భయం.

ఈ ఏడు మేనేజరుకి పై ఆఫీసులో పెద్ద కుర్చీ ఖాయమైంది. ఫిట్‌నెస్ కాగితం ఒక్కటే తరువాయి. నడుం కొలిస్తే టేపు నలభై మూడు అంగుళాల దగ్గర ఆగింది. బీపీ ఎక్కువ, పరగడుపు చక్కెర ఎక్కువ, రక్తంలో కొవ్వు ఎక్కువ. తెల్లకణాలు పదకొండు వేల నాలుగొందలు. జలుబా, జ్వరమా, ఎక్కడైనా పుండా అని అడిగింది. గుండ్రాయిలా ఉన్నానన్నాడు. సిగరెట్టు అలవాటు కూడా లేదు.

ఆమె పాత కాగితాలు తీసింది. ఐదేళ్ళ కింద ఎనిమిది వేలు. అక్కణ్ణించి ఏటా ఒక మెట్టు. గీత లోపలే ఉన్నాయి గనక ఎవరి కంటా పడలేదు. బొడ్డు చుట్టూ పేరుకున్న కొవ్వు లోలోపల ఊకనిప్పులా రాజుకుంటుంటే, ఆ సెగకి కణాలు కాపలా దిగకుండా తిరుగుతున్నాయి. వారానికోసారి వచ్చే డాక్టరూ ఔనన్నాడు. కణాల లెక్క ఒక్కటే ఏ రోగాన్నీ తేల్చదు, కానీ నడుమూ బీపీ చక్కెరా కొవ్వూ ఒకే మాట చెబుతుంటే అదీ వాటితో గొంతు కలుపుతుందన్నాడు. రెండు వారాలాగి మళ్ళీ చూసి ఆ ఫిట్‌నెస్ కాగితం రాద్దామన్నాడు.

సాయంత్రం మేనేజరు ల్యాబుకొచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెని అమ్మా అని పిలిచాడు. రెండో పరీక్ష అయ్యేదాకా తన కాగితం గేటు దగ్గర చదివే కట్టలో పెట్టొద్దన్నాడు. ఆమె ల్యాబుకి తాళం వేసింది.

ఇంటికెళ్ళి చెబితే మొగుడు, పోనీలేవే, కుక్క కరిచిందని మనం తిరిగి కరుస్తామా అన్నాడు. కుక్కయితే వదిలేద్దును అంది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర అరవైమంది దాకా నిలబడ్డారు. ఒక్కొక్క కాగితమే చదువుతూ వచ్చి, ఆఖరున మేనేజరుది తీసింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. నడుం కొలత దగ్గర వెనకెవరో కిసుక్కుమన్నారు. కణాల లెక్కా, గీత దాటిందన్న మాటా వచ్చేసరికి ఆ నవ్వూ ఆగిపోయింది. అవతల బస్సు కడుగుతున్న మొగుడు పైపు నీళ్ళు కట్టేశాడు.

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఒక్క పరీక్షతో మనిషిని తేల్చేస్తారా అమ్మా? మళ్ళీ చూడాలని డాక్టరే అన్నాడుగా," అన్నాడు.

సూదులమ్మ కాగితం మడిచింది.

"మా ఆయన్ని మీరు తేల్చింది ఒక్కదాంతోనే. మీవి నేను ఐదేళ్ళవీ చూసి చదివాను."