తోకకే అతుక్కుంది

స్వీడన్‌లోని ఉప్సలాలో ఆ గురువారం మధ్యాహ్నం రెండింటికి హెడ్విగ్ తన థీసిస్‌ను యూనివర్సిటీలో తమ విభాగం గోడమీది బోర్డుకి మేకుతో కొట్టాలి. పట్టా పరీక్షకి మూడు వారాల ముందు నలుగురూ చూస్తుండగా చేసే తంతు అది. కేకు కూడా వచ్చేసింది.

పదకొండున్నరకి హెడ్విగ్ మాత్రం ల్యాబులో ఒక ప్లాస్టిక్ పలక ముందు కూర్చుని ఉంది. నీళ్ళలా తేటగా ఉండాల్సిన గుంటల వరస మొత్తం నీలంగా మారిపోయింది.

మనిషి తెల్లరక్తకణం పైన ఉండే ఒక ప్రోటీన్ మీద ఆమె పని. దాన్ని మనుషుల నుంచి తియ్యరు. మన జన్యువుని ఎలుకజాతి కణాల్లో పెట్టి, వాటిచేత తయారుచేయించి, చిటికెడైనా లేని తెల్లపొడిగా చిన్న సీసాలో కంపెనీవాళ్ళు పంపుతారు. వేరుచేసేటప్పుడు పట్టు దొరకాలని ప్రోటీన్ చివర ఒక తోక తగిలిస్తారు. ఆ ప్రోటీన్‌ని గట్టిగా పట్టుకునే అణువొకటి హెడ్విగ్‌కి దొరికింది. కీళ్ళవాతానికి మందవుతుందని ఆరేళ్ళు దానికే ధారపోసింది.

నిన్న సాయంత్రం నార్వేలోని బెర్గెన్ నుంచి ఆమె థీసిస్ పరీక్షకుడు ఒక్క వాక్యం రాశాడు: "ఇదే తోక ఉన్న వేరే ప్రోటీన్‌తో చూశారా?"

చూడలేదు. మొదటి ఏడాదే చూద్దామంటే గైడు టోర్బ్యోర్న్ "తోక ఏం చెయ్యదు, కంపెనీ కాగితంలోనే రాసుంది, టైం దండగ" అన్నాడు. ఆయన మాట ఆమె నమ్మేసింది. ఇవాళ పొద్దున్నే వచ్చి చూస్తే, తోక ఉంటే చాలు, ఏ ప్రోటీన్ అయినా సరే ఆ అణువు అతుక్కుపోయి, గుంట నీలంగా మారుతోంది. మనిషి ఒంట్లో ప్రోటీన్‌కి తోక ఉండదు. ఆరేళ్ళూ గంగలో కలిశాయి.

పలక తీసుకెళ్ళి టోర్బ్యోర్న్ బల్లమీద పెట్టింది.

"మళ్ళీ వేసి చూశావా?"

"ఒకేసారి ఆరు గుంటల్లో వేశాను. అన్నీ నీలమే."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు దీన్ని నాకు చూపించలేదనుకుందాం."

"టోర్బ్యోర్న్!"

"జూన్‌తో నీ జీతం ఆఖరు. ఇంకో అణువు వెతుక్కోడానికి ఎన్నేళ్ళు కావాలి? 'ముందుముందు పరిశీలిస్తాం' అని జవాబు రాయి. అందరూ రాసేది అదే. పట్టా తీసుకో. తర్వాత ఎవరో ఒకరు తప్పని తేలుస్తారు."

"ఆ ఎవరో ఒకరు ఆల్వాయేగా?"

ఆయన పలకని ఆమె వైపు జరిపాడు. తన తప్పు కూడా హెడ్విగ్ చేతుల్లోనే పెట్టాడు, మహానుభావుడు.

ఆల్వా సోమవారం చేరబోయే కొత్త పరిశోధకురాలు. ఎక్కడో ఉత్తరాన కిరునాలో ఉద్యోగం వదిలేసి, ఇల్లు ఖాళీ చేసి వచ్చింది. ఆమె చెయ్యబోయే నాలుగేళ్ళ పనీ ఈ అణువు మీదే. థీసిస్ ఆపే ధైర్యం తనకి లేదని హెడ్విగ్‌కి తెలుసు, అందుకు సిగ్గుగానూ ఉంది. కనీసం ఈ పిల్లకైనా చెప్పాలనుకుంది.

రెండింటికి పది నిమిషాలుందనగా ఆల్వా ట్యూలిప్ పూలతో వచ్చింది. హెడ్విగ్ ఆమెని మెట్ల దగ్గరకి లాక్కెళ్ళింది.

"ఏంటి, చేతులు ఇంత చల్లగా ఉన్నాయి? భయమా?" అని నవ్వింది ఆల్వా.

"అది తోకనే పట్టుకుంటోంది, ఆల్వా. ప్రోటీన్‌ని కాదు. పొద్దున్న చూశాను."

ఆల్వా నవ్వు ఆగిపోయింది. "టోర్బ్యోర్న్‌కి తెలుసా?"

"తెలుసు."

"ఏమన్నాడు?"

"మేకు కొట్టమన్నాడు."

ఆల్వా పూలు మెట్టు మీద పెట్టేసింది. "వెనక్కి వెళ్ళడానికి నాకక్కడ ఏమీ మిగల్లేదు. చేరక తప్పదు," అంది. "ఎందుకు చెప్పావు? తెలియకపోతే ఓ ఏడాదైనా ఆశగా పనిచేసుకునేదాన్ని కదా!"

హెడ్విగ్ మంచి చేస్తున్నాననుకుంది. చేసిందల్లా తన బరువులో సగం ఆ పిల్ల నెత్తిన పెట్టడం.

లోపల్నుంచి టోర్బ్యోర్న్ కేకేశాడు. "ఎక్కడమ్మా, పెళ్ళికూతురు? కాఫీ చల్లారిపోతోంది!"

అందరూ బోర్డు చుట్టూ చేరారు. కిటికీలో ఉన్న సుత్తిని ఆల్వాయే తీసి హెడ్విగ్ చేతిలో పెట్టింది.

"కొట్టు," అంది మెల్లగా.

హెడ్విగ్ కొట్టింది. మేకు ఒక్క దెబ్బకే దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా ఆల్వా కొట్టింది.