వెనుక బాక్సులో బాపు

మా ఇంట్లో దేవుడి అర్రకు తాళం లేదు గాని మా ఆయన పాటల అర్రకు ఉంది. మల్లేశ్‌ది నల్గొండ గడియారం సెంటర్ దగ్గర యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. ఆ అర్రలో ముందు మూడు స్పీకర్ బాక్సులు, వెనుక రెండు బాక్సులు, నడుమ ఒక సోఫా. ఆ సోఫా ఎవరైనా జానెడు జరిపితే ఇల్లు ఎగిరిపోయేటట్టు అరుస్తాడు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆ అర్రను చూస్తే ఒళ్లు మండేది.

ఒక ఆదివారం మా అమ్మ లక్ష్మీనర్సమ్మ కోస్గి నుంచి బస్సులు మారి మారి వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా, మా బాపు తువ్వాలలో చుట్టిన డిస్కు తీసి నా చేతిలో పెట్టి, అల్లుడికి ఇయ్యమన్నది.

ఆ డిస్కు సంగతి చెప్పాలి. మావాళ్లు గొర్ల కాపరులు. కొన్నాళ్ల కింద హైదరాబాదు నుంచి పాటలు సేకరించేవాళ్లు వచ్చి, కోస్గి అవతల చెల్కలో మంద నడుమ చుట్టూ మైకులు నిలబెట్టి, మా పెద్దబాపు గుర్వయ్య పాటలు రికార్డు చేసుకున్నారు. మా బాపు ఐలేశం పాటగాడేం కాదు. మంద నడిస్తే ముందు అన్న, వెనుక తమ్ముడు. ఆ రోజూ అంతే, బాపు వెనుక నిలబడి గొర్రెలను అదిలిస్తూ ఉన్నాడట. డిస్కు వచ్చేసరికి బాపు లేడు. జ్వరమని దవాఖానకు పోయిన మనిషి మళ్లీ రాలేదు.

ఆ పాట ఫోన్లలోకి వస్తే ఊరంతా విన్నది. పెద్దబాపు ఉన్నాడు, గొర్రెల అరుపులున్నాయి, మా బాపు లేడు. వాడు పాడలేదు గద, కోసేసి ఉంటారని పెద్దబాపు మామూలుగానే అన్నాడట. అమ్మకు ఆ మాట మనసులో గుచ్చుకుంది. బాపు ఫొటోలున్నాయి గాని గొంతు ఎక్కడా లేదు. బతికున్న మనిషి గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఉంటే ఈ డిస్కులో ఉండాలి, లేకుంటే ఇక ఎక్కడా లేనట్టే. అమ్మ వచ్చింది అందుకు.

మల్లేశ్ వెంటనే పెడితే ఏమయ్యేది? పెట్టలేదు. పెళ్లిళ్లకు సౌండు పెట్టే తన దోస్తు దశరథ్‌కు ఫోన్ చేశాడు. అతను బండి మీద వచ్చి వాలాడు. డిస్కు అట్ట చూసి ఇద్దరి కళ్లూ మెరిశాయి. చుట్టూ వినిపించే పాటను అందులో రెండు రకాలుగా ప్యాక్ చేసి పెట్టారట. రెండూ లాస్‌లెస్సేనట. అంటే ఏమిటని అడిగితే మల్లేశ్ చెప్పాడు: ఫోనులో పాట పట్టాలంటే చీర అంచు కత్తిరించి సంచిలో కుక్కినట్టు. ఇదేమో చీరను గట్టిగా మడతపెట్టినట్టు, విప్పితే ఒక్క పోగు పోదు. మరి రెండూ పోగు పోనివే అయితే ఏది మంచిదని కొట్లాట ఎందుకో నాకు అర్థం కాలేదు. మొదటిది నిండుగా ఉందని మల్లేశ్, రెండోది తేటగా ఉందని దశరథ్. అమ్మ గడప దగ్గర నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తోంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని, సీసా మీద పేరు చూసి ఫలితం రాయను. ఏ రకం నడుస్తోందో చూపించే టీవీ మీద దుప్పటి కప్పి రిమోటు లాక్కున్నాను. కళ్లు మూసుకొని ఇప్పుడు చెప్పండన్నాను. ఒకే రకాన్ని మళ్లీ మళ్లీ పెట్టాను. మొదటిసారి గొంతులో బరువుందన్నారు, తర్వాత గాలి ఆడుతోందన్నారు, ఆ తర్వాత గొర్రెలు దగ్గరికొచ్చాయన్నారు. అన్నిసార్లూ పెట్టింది ఒకటేనని ఉన్నమాట చెప్పాను.

"చెల్లె మా ఇజ్జత్ తీసింది" అన్నాడు దశరథ్, తల గోక్కుంటూ.

మల్లేశ్ నవ్వలేదు. రెండింటినీ మార్చి మార్చి విని, ఒకటి జర తక్కువ సౌండుతో వస్తోందని పట్టుకున్నాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్ల మాటే నిజమనిపించినట్టు, ఎక్కువ సౌండుది మంచిదనిపించిందన్న మాట. సమానం చేసి వింటే రెండింటికీ ఏ తేడా లేదు. పెద్దబాపు పాట ముందు గోడను తోసుకొని అర్రలోకి వచ్చినట్టుంది. కానీ బాపు లేడు. మల్లేశ్ నా వైపు చూసి చూపు దించుకున్నాడు. ఇప్పుడు అమ్మకు ఏమని చెప్పాలి?

తిరిగి చూస్తే అమ్మ గడప దగ్గర లేదు. సోఫా వెనుక, నేల మీద, ముందు బాక్సులకు వీపు చేసి కూర్చుంది. తల మీద కొంగు. అల్లుడు లేచి, సోఫాలో కూర్చోమని, పాట ఇటు నుంచి వస్తుందని బతిమిలాడాడు.

"బావ పాడుతాండు గద బిడ్డా" అన్నది నాతో. "బావ ముందట ఎట్ల కూసుంటరు?"

పెళ్లయి వచ్చిన నాటి నుంచి అమ్మ పెద్దబాపు ఎదురుగా కూర్చున్నది లేదు. బాక్సులో నుంచి వచ్చినా బావ బావే. దశరథ్ నవ్వబోయి ఆగాడు. మల్లేశ్ పాటను మొదటి నుంచి పెట్టాడు.

చరణం సగంలో అమ్మ చెయ్యి పైకి లేచింది.

నేను పోయి పక్కన కూలబడ్డాను. మా మొహాలకు ఎదురుగా వెనుక బాక్సు. పాట మా వీపుల మీద నుంచి పోతోంది. ఎదురుగా గిట్టల చప్పుడు, ఎండుగడ్డి విరుగుతున్న చప్పుడు. బాపు గొంతు సవరించుకున్నాడు. పొద్దున లేవగానే సవరించుకున్నట్టే. నాలుక కొట్టి గొర్రెను అదిలించాడు. చెయ్యి చాపితే తువ్వాల తగులుతుందనిపించింది. ఇంతసేపూ మేమంతా ముందు గోడకే చెవులప్పగించి కూర్చున్నాం. మా బాపు తన జాగాలోనే ఉన్నాడు, అన్న పాట వెనుక.

ఇంతలో ఆయన లోగొంతుతో అన్నాడు: "నర్సమ్మా, గీ పిల్లను జర పట్టు."

గొర్రెపిల్ల మే అన్నది. దాని వెంటే గాజులు గలగలమన్నాయి.

అవి అమ్మ గాజులు. ఆ రోజు సద్ది తీసుకపోయి, ఆయన పక్కనే నిలబడిందట. అమ్మ తన చేతులు చూసుకుంది. బాపు పోయిన పదోనాటి నుంచి ఆ చేతులకు గాజుల్లేవు.

మల్లేశ్ ఎప్పుడొచ్చాడో మా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ అర్రను నేను ఎన్ని తిట్లు తిట్టానో, అవన్నీ నా నోట్లోకే తిరిగొచ్చాయి.

అమ్మ కొంగుతో కళ్లొత్తుకొని నన్ను అడిగింది. "ఇంకో తీరుగ గూడ ఉన్నదంటిరి గద. దాంట్ల ఉన్నడా?"

మల్లేశ్ పరుగున పోయి రెండో రకం పెట్టాడు. గిట్టలు, గడ్డి, గొంతు సవరింపు. అదే మాట, అవే గాజులు. ఒక్క పోగు పోలేదు. నేను అమ్మ భుజం పట్టుకొని, దీంట్లో కూడా ఉన్నాడని చెప్పాను. ఎందుకో ఆ మాట చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"ఆనాడు మైకులున్నయి, ఎవ్వరు మాట్లాడొద్దన్నరు" అన్నది అమ్మ. "ఆయన ఆగలే, అననే అన్నడు. నేనే జవాబియ్యలే."

ఇంకొకసారి పెట్టమన్నది. దశరథ్ సోఫా ఎత్తి పక్కకు జరిపి, చెప్పులు బయట విడిచొచ్చి మా వెనుక నేల మీద కూర్చున్నాడు. మల్లేశ్ సోఫా సంగతే పట్టించుకోలేదు.

మళ్లీ గిట్టలు, గడ్డి. బాపు గొంతు సవరించుకొని, పిల్లను జర పట్టమన్నాడు.

అమ్మ రెండు చేతులూ బాక్సు ముందుకు చాపింది.

"ఇటియ్యి" అన్నది.

లోపల గాజులు గలగలమన్నాయి.