పచ్చదారం సంచి

శనివారం మధ్యాహ్నం, ఆరాధన నడిపించే బ్రదర్ వచ్చి, కుట్టుమిషను బల్ల మీద ఓ గుడ్డసంచి పెట్టాడు.

"ఈ నెల లాభం అమ్మా. ఇందాకే కంపెనీ నుంచి వచ్చింది. దేవునికి స్తోత్రం."

టైలరమ్మ చెయ్యి చాపింది. సంచి అంచు చూడగానే ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

నీలం కర్టెన్ గుడ్డకి పచ్చదారం కుట్టు. మొన్న గురువారం తెల్లదారం అయిపోతే, ఉన్నదాంతో సర్దేసి కుట్టింది తనే. కుట్టించుకున్నది హాస్టల్లో వంట చేసే వంటక్క. "లక్షన్నర పట్టాలే చెల్లీ, గట్టిగా కుట్టు. రేపు బ్రదర్‌కి ఇవ్వాలి" అని నవ్వుకుంటూ పట్టుకెళ్ళింది. శుక్రవారం ఆయన చేతికి వెళ్ళిన సంచి, శనివారానికల్లా లాభమై ఇక్కడ కూర్చుంది. మహానుభావుడు, కనీసం సంచైనా మార్చలేదు. అడిగేవాళ్ళు లేరని అంత ధీమా!

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"ఎండ, బ్రదర్" అంది.

"రేపు ఆరాధనలో సాక్ష్యం మీరే చెప్పాలి. వాచ్‌మన్ బాబాయి రిటైరైన డబ్బు తెస్తున్నాడు, ఆరున్నర లక్షలు. పాపం, కాస్త జంకుతున్నాడు. మీ నోటి వెంట వింటే ధైర్యం వస్తుంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, మీరు పెట్టిన అసలు వెనక్కి కావాలన్నారుగా? సోమవారం ఇచ్చేస్తాను. ఆరు లక్షలూ ఒకేసారి."

సోమవారం ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

ఆ ఆరు లక్షలూ ఆమె భర్త ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి పోయినప్పుడు వచ్చినవి. కూతురి నర్సింగ్ చదువుకి దాచినవి. కంపెనీలో పెట్టమని బ్రదర్‌కి ఇచ్చే ముందు మూడు రోజులు ఉపవాసం ఉంది. "సారా, జూదం, సిగరెట్లు, ఈ మూడింట్లో మన డబ్బు పైసా పెట్టం" అని బ్రదర్ అంటే ఆమె కళ్ళు చెమర్చాయి. దేంట్లో పెట్టరో చెప్పాడు గానీ, దేంట్లో పెడతారో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. విశ్వాసికీ విశ్వాసికీ మధ్య రసీదేమిటని వాళ్ళలో ఓ మర్యాద. పావుకిలో టమాటాలకి బుట్టంతా తిరగేసే మనిషి, ఆరు లక్షలు మాత్రం కళ్ళు మూసుకుని ఇచ్చేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రతి నెలా లాభంలో పదోవంతు కానుక వేసి, మైకు పట్టుకుని, "బ్యాంకువాడు కాగితం ఇస్తాడు, దేవుడు నెమ్మదినిస్తాడు" అని సాక్ష్యం చెప్పింది. అది విని ఏడు కుటుంబాలు డబ్బు తెచ్చాయి. వంటక్కది ఎనిమిదోది.

కూతురికి సంచి చూపించి అంతా చెప్పింది. పిల్ల మొహం పాలిపోయింది.

"రేపొక్కరోజు నోరు మూసుకో అమ్మా. సోమవారం మన డబ్బు తెచ్చుకున్నాక అందరికీ చెబుదువుగాని."

ఈ ఆలోచన టైలరమ్మకీ వచ్చింది. వచ్చినందుకే ఆమెకి ఇంకా భయం వేసింది. డబ్బు పోతుందని ఒక భయం, దేవుడు చూస్తున్నాడని ఒక భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మోకాళ్ళ మీద కూర్చుంటే ఒక్కటే మాట వచ్చింది: "ప్రభువా, రేపు బాబాయి రాకుండా చూడు."

బాబాయి అందరికంటే ముందే వచ్చాడు. టైర్ల కొట్టు మీది అద్దె హాల్లో, మొదటి వరస ప్లాస్టిక్ కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చొక్కాజేబులోంచి బ్యాంకు చెక్కు అంచు కనిపిస్తోంది. ఆమెను చూసి పక్క కుర్చీ తుడిచాడు.

"రా అమ్మాయ్. నీ మాట మీదే తెచ్చాను."

పాటలు అయిపోయాయి. మైకు ఆమె చేతికొచ్చింది. బల్ల పట్టుకుని నిలబడింది. బ్రదర్ చిరునవ్వుతో తలూపాడు. వెనక వరసలో కూతురు, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలుతోంది.

"దేవుడు నెమ్మదినిస్తాడని పోయిన నెల ఇక్కడే చెప్పాను" అంది. "నాకు నెమ్మది లేదు. నిన్నటి నుంచి భయంతో చచ్చిపోతున్నాను."

"హల్లెలూయా!" అన్నాడు బ్రదర్, వినకుండానే.

ఆమె చేతిసంచిలోంచి నీలం సంచి తీసి పైకెత్తింది.

"నిన్న ఇది నాకు లాభం అని వచ్చింది. ఇది నేను కుట్టిందే. వంటక్కా, నీదే కదా?"

"సోదరికి ఒంట్లో బాగోలేదు, మైకు తీసుకోండి" అంటూ బ్రదర్ లేచాడు. ఎవరూ కదల్లేదు. వంటక్క మాత్రం కుర్చీలు తప్పించుకుంటూ వచ్చింది. సంచి అందుకుని, పచ్చదారం మీద వేలు పెట్టి అంచు పొడవునా రాసింది.

"నాదే" అంది. ఆ తర్వాత అదే మాట కేకపెట్టి అంది.

హాలంతా ఒక్కసారి లేచింది. ఎవరో తలుపు మూశారు, ఎవరో బ్రదర్ చొక్కా పట్టుకున్నారు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు గానీ, ఏ కంపెనీ అంటే పేరు చెప్పలేకపోయాడు.

టైలరమ్మ వచ్చి కుర్చీలో కూలబడింది. పక్కన వాచ్‌మన్ బాబాయి చెక్కు లోపలికి నెట్టి, జేబు గుండీ పెట్టుకున్నాడు. రెండుసార్లు తడిమి చూసుకుని, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆమె వైపు తిరిగాడు.

"మరి నీ డబ్బో, అమ్మాయ్?"

వెనక వరస వైపు తిరిగి చూసే ధైర్యం ఆమెకి చాల్లేదు.