సగం మోతాదు

మేస్త్రి కూతురు పోయిన రోజు కూడా ఫ్యాక్టరీ సైరన్ వేళకే మోగింది. ఉదయం షిఫ్టువాళ్లు ఆ ఇంటి ముందు నుంచే పనికి పోవాలి. పోలేక, పోకుండా ఉండలేక వీధిలోనే నిలబడిపోయారు. మేనేజర్ కారు వచ్చి వాళ్ల పక్కన ఆగింది. అద్దం కాస్త దిగింది.

"పరామర్శలు సాయంత్రం పెట్టుకోండి. మధ్యాహ్నానికి విటమిన్ల లోడు వెళ్లాలి."

అద్దం పైకి లేచింది. అరుగు మీద కూర్చున్న మేస్త్రి ఆ మాట విన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

అతనికి మేస్త్రి అన్న హోదా ఏమీ లేదు. కాప్స్యూల్ నింపే మిషన్ తిప్పుతాడు. ఏ తగువు వచ్చినా నలుగురూ అతని మాట వింటారు కాబట్టి ఆ పేరు వచ్చింది. అతని కూతురిది పుట్టుకతో వచ్చిన జబ్బు. తిన్న తిండిలోని మాంసకృత్తులు ఆ ఒంట్లో పూర్తిగా కరగవు. దారిలో ఆగిపోయి, విషమై, కాలేయాన్ని తినేస్తాయి. లోకంలో ఎక్కడో లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బు. ఈ ఫ్యాక్టరీ కాలనీలో మాత్రం రెండు మూడిళ్లకొకరికి ఉంది. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పనికి దిగినవాళ్లందరూ ఒకే కొండలోయవాళ్లు, ఒకరికొకరు చుట్టాలు. జబ్బు కూడా ఆ చుట్టరికంతోనే వచ్చింది.

ఆ విషాన్ని పుట్టనివ్వని కాప్స్యూల్ ఒకటుంది. పొద్దునా సాయంత్రం మింగితే చాలు, పిల్లలు బడికి పోతారు, దెబ్బలాడుకుంటారు, పెద్దవాళ్లవుతారు. దాన్ని నింపింది ఈ ఫ్యాక్టరీలోనే, మేస్త్రి మిషన్ మీదనే. కొనేవాళ్లు తక్కువని కంపెనీ దాన్ని ఆపేసింది. మందు పొడి ఉన్న డ్రమ్ములను స్టోరులో పెట్టి తాళం వేసింది. అదే మిషన్ మీద విటమిన్లు మొదలుపెట్టించింది.

అప్పుడు కాలనీ అంతా కూర్చుంది. కొన్ని ఇళ్లలో మందు మిగిలి ఉంది, కొన్ని ఇళ్లలో నిండుకుంది.

"ఒకరి బిడ్డ బతికి ఇంకొకరి బిడ్డ పోతే, ఈ వీధిలో మనం మొహాలు ఎలా చూసుకుంటాం?" అన్నాడు మేస్త్రి.

ఎవరూ కాదనలేదు. ఉన్న కాప్స్యూళ్లన్నీ తెచ్చి అతని ముందు పోశారు. అతను ఒక్కొక్కటీ విప్పి, పొడిని అద్దం ముక్క మీద పోసి, బ్లేడుతో సగం చేసి, ఖాళీ గుల్లల్లోకి ఎత్తేవాడు. తన కూతురికి ఒక్క రవ్వ ఎక్కువ వేసుకోలేదు. కాలనీ అది చూసి గర్వపడింది.

కొన్నాళ్లకు ఆ పిల్ల ఒంట్లోంచి ఉడికిన క్యాబేజీ వాసన రావడం మొదలైంది. తరవాత కాళ్లు పీకుతున్నాయని ఏడ్చింది. తరవాత ఏడవడానికి ఊపిరి చాల్లేదు. పెద్దాసుపత్రి డాక్టరు పరీక్షలు చేసి మందు రాసిచ్చాడు. అదే మందు.

పిల్లను మట్టిలో పెట్టి వచ్చాక, మేస్త్రి చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. కూతురి వాటా డబ్బాలో మిగిలి ఉంది. అద్దం ముక్క తుడిచాడు. బ్లేడు తీశాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది అతని భార్య.

"మిగతా పిల్లలకి పంచాలి కదా."

ఆమె వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వదలలేదు.

అప్పుడే, కాలనీలో అందరూ కళ్లజోడత్త అని పిలిచే పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. ఫ్యాక్టరీలో కాప్స్యూళ్లు తనిఖీ చేసే బల్ల దగ్గర ఆవిడ తల నెరిసింది. చంకలో మనవడు ఉన్నాడు.

"మేస్త్రీ, వీణ్ని ఒకసారి వాసన చూడు."

చూడక్కర్లేకపోయింది. గది చిన్నది.

అత్త బల్ల మీది బ్లేడు వంక చూసింది. "ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మిషన్ మీద బరువు తగ్గిన కాప్స్యూల్ వస్తే ఏం చేస్తావు?"

"రిజెక్టు డబ్బాలో వేస్తాను."

"ఎందుకు?"

"అది పనిచెయ్యదు కద..." మేస్త్రి మాట సగంలో ఆగిపోయింది.

"నువ్వు చూడకుండా వదిలితే నేను ఏరి పారేస్తాను. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన పని అదొక్కటే. ఇక్కడ మాత్రం ఇద్దరం కలిసి వాటినే పిల్లల నోట్లో పెట్టాం. నాకూ తట్టలేదు నాయనా. సమానంగా ఉన్నాయా లేదా అనే చూశాను."

మేస్త్రి బ్లేడు కింద పెట్టాడు.

మర్నాడు షిఫ్టు దిగగానే సైకిల్ స్టాండులో జనం పోగయ్యారు. గేటు దగ్గర రోజూ ఉండే కాపలావాళ్లు కాక కొత్త మొహాలు కనిపించాయి. వాళ్లు ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్టోరు తాళం తీసేదాకా మిషన్లు ఆపుదామన్నాడు మేస్త్రి.

"ఉన్న మందు చిన్నపిల్లలకే ఇద్దాం," అన్నారెవరో. "చీట్లు వేద్దాం," అన్నారు ఇంకెవరో. "మేనేజర్ కాళ్లు పట్టుకుందాం," అన్నారు మరొకరు.

"పట్టుకో, బూటు పాలిష్ కూడా అయిపోతుంది," అన్నాడు బొంగురు. అతను లోడింగ్ కూలీ, గొంతు రాసుకుపోయినట్టు మాట్లాడతాడు. ఆ లోయవాడు కాదు. "నాది పొరుగూరు. నా ఇంట్లో ఈ జబ్బు లేదు. మిషన్లు ఆపితే నా పొయ్యి ఆరిపోతుంది. నేనెందుకు ఆపాలి, చెప్పు మేస్త్రీ?"

అందరూ అతని మీదకు లేచారు. మేస్త్రి వాళ్లను ఆపాడు.

"అడగనివ్వండి. న్యాయమైన ప్రశ్నే." బొంగురు వైపు తిరిగాడు. "నేను తప్పు చేశాను బాబాయ్. వాళ్లు ఎంత వదిలితే అంతే ఉందనుకున్నాను. దాన్ని బాగా పంచితే చాలనుకున్నాను. తాళం వెనక డ్రమ్ములున్నాయని తెలిసి కూడా అటు చూడలేదు. రేపు నీ నడుం విరిగితే, వాళ్లు వదిలే సగం కూలినే మనం నీతో పంచుకోవాలా?"

బొంగురు బీడీ ఆర్పేసి వెళ్లిపోయాడు.

తెల్లారి సైరన్ మోగింది. అందరూ లోపలికి పోయారు. టోపీలు పెట్టుకున్నారు, తొడుగులు వేసుకున్నారు, ఎవరి మిషన్ దగ్గర వాళ్లు నిలబడ్డారు. ఎవరూ స్విచ్చు నొక్కలేదు. అంత పెద్ద హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఏం కావాలి మీకు?"

"స్టోరు తాళం తియ్యండి. ఆ మందు నింపుతాం. ఆ తరవాతే విటమిన్లు," అన్నాడు మేస్త్రి.

"గుప్పెడు పిల్లల కోసం ఫ్యాక్టరీ నడపమంటావా?"

"ఎవరి గుప్పెడు సార్?" అంది కళ్లజోడత్త. "మా కడుపున పుట్టినవాళ్లు."

మేనేజర్ ఫోను తీశాడు. అది ముందే మాట్లాడి పెట్టుకున్న పని కాబోలు, వ్యాన్లు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పోలీసులు నేరుగా మేస్త్రి దగ్గరకే వచ్చారు. ఎవరిని పట్టుకోవాలో వాళ్లకు ఎవరో చెప్పి పంపారు.

"మందు దొంగతనానికి కుట్ర," అన్నాడు ఎస్సై.

"దొంగిలించలేదు సార్. అడిగాం."

"అదే కుట్ర. పద."

అతన్ని బయటికి లాక్కెళుతుంటే లోడింగ్ గేటుకి అడ్డంగా విటమిన్ల లారీ నిలబడి ఉంది. దాని చక్రాల ముందు బొంగురు కూలీలందరితో కూర్చున్నాడు.

"జరగరా!" అన్నాడు ఎస్సై.

"నడుం పట్టేసింది సార్," అన్నాడు బొంగురు. "లేవలేను."

లాఠీ పడింది. అతను లేవలేదు. మేస్త్రి భార్య వచ్చి అతని పక్కన కూర్చుంది. ఆమె వెనక కాలనీ కూర్చుంది, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని. మేస్త్రిని ఎక్కించిన వ్యాను దారి దొరక్క వెనక్కి తిరిగి, పక్క గేటు గుండా పోయింది.

సాయంత్రానికి ఇంకా చాలామందిని తీసుకుపోయారు. వాళ్ల జాగాలో వేరేవాళ్లు వచ్చి కూర్చున్నారు. అత్త మనవడికి కాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

నిండు మోతాదు ఇంకా ఏ బిడ్డకూ అందలేదు.