కచేరీకి ముందు దోమల పరీక్ష

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. దర్జీ పిన్ని అన్నయ్యకు మాత్రం ఫిడేలు పెట్టె మీద ఉంటుంది. అలిగాడంటే పెట్టె మూసేస్తాడు. కిందటి వేసవిలో అలా మూసినవాడు ఏడాది గడిచినా తెరవలేదు.

తప్పు ఆయనది కాదు, దోమలది. ఇంట్లో ఉక్క, పైగా ముప్పై మంది పట్టరు కదా అని పిన్ని తన కుట్టుకొట్టు వెనక పెరట్లో సాయంత్రం కచేరీ పెట్టించింది. నెమ్మదైన ముక్క ఒకటి ఆయన కళ్ళు మూసుకుని వాయిస్తుంటే టప్‌ టప్‌మని చప్పట్లు మొదలయ్యాయి. పొంగిపోయి ఆ ముక్కే మళ్ళీ వాయించాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. మూడోసారి ఎత్తుకుంటూ కళ్ళు తెరిచి చూస్తే, ముందు వరుసలో బ్యాండు మేస్త్రి తన పిక్క మీద తనే బాదుకుంటున్నాడు. వెనకవాళ్ళు మెడలూ చెవులూ చూసుకుంటున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఫిడేలు కోసం కొట్టలేదు పాపం.

ఏడాదంతా పిన్ని బతిమాలగా బతిమాలగా ఆయన మెత్తబడ్డాడు.

"సరేనమ్మా, వచ్చే ఆదివారం గంటన్నర వాయిస్తాను. మధ్యలో ఒక్క టప్‌ వినబడిందా, ఈ పెట్టె అటకెక్కిపోతుంది. ఆ తర్వాత నువ్వడిగినా దించను."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ ఫిడేలు వింటూనే పిన్ని చిన్నప్పుడు గుండీలు కుట్టడం నేర్చుకుంది. అది అటక మీద బూజు పట్టడం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

పొగ పెడదామంటే దోమలతో పాటు వినేవాళ్ళూ లేచిపోతారు. అందుకని మూలికల కొట్టుకు వెళ్ళి వేపనూనె, నిమ్మగడ్డి నూనె, నిమ్మ వాసన వచ్చే నీలగిరి నూనె, ఒక పుదీనా కుండీ తెచ్చుకుంది.

"ఉత్తి నూనె రాసుకుంటే ఒళ్ళు మండుతుందండోయ్, కొబ్బరినూనెలో కలపండి," అంది కొట్టావిడ. "చంటిపిల్లలకు అసలు రాయొద్దు, వాళ్ళకి దోమతెర చాలు. ఇక కుండీ అంటారా, పెరటికి అందమే తప్ప దాన్ని నమ్ముకోకండి."

కొలవందే గుడ్డకు కత్తెర పెట్టని చెయ్యి పిన్నిది. ఒకరి మాట మీద నమ్ముతుందా? పోస్టాఫీసు నుంచి రాగానే బాబాయిని పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, రోజుకొకటి చొప్పున పరీక్ష మొదలుపెట్టింది. సోమవారం వేపనూనె. ఒక్క దోమా కుట్టలేదు. మంగళవారం నిమ్మగడ్డి. కుట్టలేదు. బుధవారం కాళ్ళ దగ్గర కుండీ ఒక్కటే. అప్పుడూ కుట్టలేదు! కొట్టావిడకు ఏమీ తెలియదని తేల్చేసి, కొలతల పుస్తకంలో మూడింటికీ టిక్కులు పెట్టింది.

గురువారం నీలగిరి సీసా పట్టుకుని వెళ్ళేసరికి బాబాయి గంట ముందే స్టూలెక్కి పేపరు చదువుకుంటున్నాడు.

"అదేంటండీ, ఇంకా ఏమీ రాయకుండానే కూర్చున్నారు? దోమలు కుట్టట్లేదూ?"

"నన్నెప్పుడు కుట్టాయని?"

పిన్ని సీసా కింద పెట్టేసింది. ముప్పై ఏళ్ళుగా ఆరుబయట ఆయన కదలకుండా మెదలకుండా కూర్చుంటే అది ఓర్పు అనుకుంది. ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకుంది కూడా.

"ఆ ముక్క సోమవారమే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగితే కదా? కూర్చోమన్నావు, కూర్చున్నాను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి. టిక్కులన్నీ చెరిపేసి, ఆయన్ని లేపి తనే ఆ స్టూలెక్కింది. పిన్ని కాళ్ళంటే దోమలకు విందుభోజనం. పుదీనా కుండీ పక్కన ఐదు నిమిషాలు కూడా నిలవలేకపోయింది. శుక్రవారం వేపనూనెకు దోమలు కొంత తగ్గాయి గానీ, ఆ వాసనకు బాబాయి కూడా తగ్గి పక్కింటికి వెళ్ళిపోయాడు. శనివారం కుడి కాలికి నిమ్మగడ్డి, ఎడమ కాలికి నిమ్మ నీలగిరి రాసుకుని, గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. నలభై నిమిషాలకు కుడి కాలు చేతులెత్తేసింది. ఎడమ కాలికి రెండు గంటలైనా ఒక్క దద్దురు లేదు. "నడుము" అని రాసి ఉన్న గడిలో "ఎడమ కాలే గెలిచింది" అని రాసుకుని, పిన్ని పెరట్లోనే చిన్నపిల్లలా గెంతింది.

ఆదివారం అన్నయ్య పాదాల దగ్గర దోమలు వాలకుండా బాబాయి ఫ్యాను పెట్టాడు. పిన్ని గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చేతులకూ కాళ్ళకూ నూనె పట్టించింది. చివర్న తను రాసుకుందామని సీసా వంచుతుండగా వగరుస్తూ వచ్చాడు బ్యాండు మేస్త్రి. వేసుకున్నది పొట్టి నిక్కరు! పిన్ని ఆ పిక్కల వంక చూసింది, సీసా వంక చూసింది. ఆ మిగిలిన నాలుగు చుక్కలూ ఆ పిక్కలకే పోశాక, తను ఎడమ కాలు కుర్చీ మీదకి మడుచుకుని ముందు వరుసలో కూర్చుంది.

ఫిడేలు ఏడాది మౌనం వదిలి గొంతు విప్పింది. పిన్నికి కళ్ళు చెమర్చాయి. అప్పుడే చీలమండ మీద మొదటి దోమ వాలింది. తర్వాత పిక్క మీద ఒకటి, మోకాలి కింద ఇంకోటి. చెయ్యి తనంతట తనే లేవబోతే రెండో చేత్తో పట్టుకుంది. నెమ్మదైన ముక్క వచ్చింది. పెరట్లో ఆకు కదిలినా వినబడేంత నిశ్శబ్దం. అన్నయ్య ఒక కన్ను కొంచెం తెరిచి చూశాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని, అదే ముక్క రెండోసారి, ఇంకా నెమ్మదిగా వాయించాడు.

కమాను ఆగాక పెరడు దద్దరిల్లింది. బ్యాండు మేస్త్రి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. అందరికంటే ఆలస్యంగా ఆగినవి పిన్ని చేతులు.

అన్నయ్య వంగి ఆమె కాలు చూసి నిర్ఘాంతపోయాడు. కుడి కాలంతా ఎర్రటి దద్దుర్లు.

"ఇంతమందికి రాసి, నువ్వు రాసుకోలేదటే? ఒక్కటైనా కొట్టుకోవచ్చుగా!"

"కొడితే నువ్వు పెట్టె మూసెయ్యవూ?"

ఆయన పెట్టె వైపు చెయ్యి చాపి, దాన్ని కుర్చీ కిందకి తోసేశాడు. బాబాయి ఫ్యాను తెచ్చి పిన్ని కాళ్ళ వైపు తిప్పాడు.

"ఇంకోటి వాయించనా మరి?" అన్నాడు అన్నయ్య.

"వాయించు," అంది పిన్ని కాలు గోక్కుంటూ, "ఎడమ కాలు ఇంకా ఖాళీగానే ఉంది."