నీడలో నడిచిన బండ్లు

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె క్యారియర్ మూత తీస్తుండగా, యూనివర్సిటీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే భర్త మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ల్యాబులోకి వచ్చి పడ్డాడు.

"రోబోల అమ్మగారూ! డీన్ గారు ఒప్పుకున్నారు!"

ల్యాబ్ అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ ఆమె అడుగుతున్నది ఒక్కటే. కింద ఊరికే తాళం పడి ఉన్న గది. శనివారాలు బడిపిల్లలొచ్చి విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోవడానికి.

"అప్పుడే ఎగరకు," అన్నాడతను, ఆమె క్యారియర్లోంచి ఒక ముద్ద కాజేస్తూ. "నాలుగింటికి ఆయనే వచ్చి చూస్తారట. పిల్లలు చేసిన ఎనిమిది రోబో బండ్లూ గీత పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. లేదంటే ఆ గదిలో రేపే పాత బీరువాలు దించేస్తారు."

పెళ్లయి నలభై రోజులు. ఆ బండ్ల చక్రాలన్నీ ఇంట్లో మంచం మీద ఇద్దరూ కూర్చుని ఏరి జతచేసినవే. దుప్పటి దులిపితే ఇప్పటికీ మరమేకులు రాలుతాయి. ఆ చప్పుడంటే ఆమెకు భలే ఇష్టం.

మూడింటికి పిల్లలు హాల్లోకి చేరారు. తెల్లటి నేల మీద నల్ల టేపుతో వంకరటింకర గీత. బండి అడుగున ఉన్న చిన్న కన్ను నేల మీదికి వెలుతురు వేసి, ఎంత తిరిగొస్తుందో చూసి నలుపును గుర్తుపడుతుంది. నిన్న సాయంత్రం ఎనిమిదీ బుద్ధిగా తిరిగాయి.

ఇవాళ మొదటిది గీత వదిలేసి గోడను గుద్దింది. రెండోది ఉన్నచోటే గిరగిరా తిరిగింది. మూడోది ఆమె చెప్పులో దూరింది.

ఆమె బ్యాటరీలు మార్చింది, వైర్లు కదిపి చూసింది. మూడున్నర దాటింది.

హాలు కాపలా చూసే పెద్దాయన గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

"నేల చూశావా అమ్మా? డీన్ గారొస్తున్నారని తెలిసి, అన్నం కూడా తినకుండా మైనం పాలిష్ పట్టించాను. మొహం చూసుకోవచ్చు!"

పడమటి కిటికీల ఎండలో నేలే కాదు, నల్ల టేపు కూడా అద్దంలా తళతళలాడుతోంది. బండ్ల కళ్లకు నలుపన్నదే కనిపించడం లేదు!

"బాబాయ్..." అంది. అన్నం మానేసి రుద్దించిన మనిషిని ఎలా తిడుతుంది!

"కిటికీలకు దుప్పట్లు కడదామా?" అన్నాడు భర్త.

"అంత ఎత్తుకా? నువ్వు నిచ్చెన తెచ్చేసరికి ఆయన చూడటం, వెళ్లడం కూడా అయిపోతాయి."

"అక్కా," అంది అందరూ ప్రశ్నలపిట్ట అని పిలిచే పదేళ్ల పిల్ల. "నేను వంగితే నా బండి సరిగ్గా పోతోంది. లేస్తే దారి తప్పుతోంది. నేనంటే భయమా దానికి?"

ఆమె మోకాళ్ల మీద కూలబడి చూసింది. "భయం కాదే తల్లీ, నీ నీడ!"

"అయితే దానికో గొడుగు పెడదాం."

అంతే, చక్రాలొచ్చిన అట్టపెట్టె మీద పిల్లలంతా పడ్డారు. ప్రతి కన్ను చుట్టూ అట్టముక్క అతికించారు. నేలకు గోరంత ఎడం ఉండాలి, లేకపోతే రాసుకుంటుంది.

డీన్ గారు వచ్చేసరికి జిగురు ఇంకా తడిగానే ఉంది. ఒకటి చేరింది. మూడు చేరాయి. ఏడు చేరాయి. ప్రశ్నలపిట్ట బండి మాత్రం ఆఖరి మలుపులో ఆగిపోయింది. అట్ట జారి నేలకు అంటుకుంది.

ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. పిల్లల బండి మీద పెద్దలు చెయ్యి వేయకూడదని నియమం పెట్టింది తనే. భర్త ఆమె చిటికెనవేలు గట్టిగా పట్టుకున్నాడు.

డీన్ గారు కలం తీశారు. "ఆగిపోయిందని రాసుకోనా, అమ్మాయ్?"

"ఆగిపోలేదండీ. బాగుచేస్తున్నాను," అంది ఆ పిల్ల, బోర్లా పడుకుని కత్తెరతో అట్ట కత్తిరిస్తూ.

కత్తెర పక్కన పెట్టి బండిని వదిలింది. బండి ఒకసారి వణికి, మలుపు తిరిగి, చివరి గీత దాటింది.

డీన్ గారు నవ్వి కలం మూసి, కింది గది తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టారు.

"గది పాలిష్ పట్టించనా అమ్మా?" అన్నాడు పెద్దాయన ఉత్సాహంగా.

"అమ్మో, ఊడిస్తే చాలు బాబాయ్!" అని పిల్లల వైపు తిరిగింది. "రేపు శనివారమే కదా, పొద్దున పదింటికి అందరూ వచ్చేయండి. మొట్టమొదట కిటికీలకు తెరలు కడదాం."